ఫోటోకి రెండు చివర్లా ఒక్క పిల్లే

ముందే మన్నించమని అడుగుతున్నాను. నాకు అక్షరాలు డెబ్బై నిండాక వచ్చాయి. ఏ వత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడుముకుంటాను. ఒక పేజీ రాయడానికి ఒక పూట పడుతుంది. తప్పులు కనబడితే దాటుకుని చదవండి.

ఇది నా మనవరాలి ప్రేమ కథ. నా పెద్దకొడుకు రెండో కూతురు. ఒక్కచోట నిలవదు, నోరు ఆగదు. అందుకే చిన్నప్పుడే దానికి గిలక అని పేరు పడిపోయింది. ఆసుపత్రిలో రక్తపరీక్షల గదిలో దాని పని. అది చెప్పే కబుర్లలో పడి, సూది గుచ్చిన సంగతే చాలామందికి తెలియదు.

అంతా దాని అక్క పెళ్ళిలో మొదలైంది. పెళ్ళికొడుకు స్నేహితుడొకడు, కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే కుర్రాడు, అప్పుడే కెమెరా కొన్నాడు. పెళ్ళి ఫోటోలు తనే తీస్తానని, అదే తన కానుకని పట్టుబట్టాడు. కెమెరా కొత్త, ఉత్సాహం అంతకన్నా కొత్త. కుర్చీ ఎక్కేవాడు, నేల మీద పడుకునేవాడు, ఒక కన్ను మూసుకునే అందరితోనూ మాట్లాడేవాడు.

గిలక, అక్క పక్కన నిలబడి ఉంటే, ఆ మూసిన కన్ను తెరవకుండానే అన్నాడు:

"మేడమ్, కొంచెం పక్కకి జరుగుతారా? ఫ్రేమ్‌లోకి వచ్చేస్తున్నారు."

"పెళ్ళికూతురు మా అక్క. జరగాల్సింది మీరు."

"నేను జరిగితే ఫోటో ఎవరు తీస్తారండీ?"

"జరిగి చూడండి. మీరు లేకపోయినా పెళ్ళి అవుతుందని తెలుస్తుంది."

కుర్రాడు రెండు కళ్ళూ తెరిచాడు. ఆ తర్వాత తీసిన ఫోటోల్లో సగం వంకరగా వచ్చాయి. ఎందుకో అప్పుడు నాకు తెలియలేదు.

మా ఇంట్లో పెద్దవాడిది కింది వాటా, చిన్నకొడుకుది పై వాటా. చిన్నవాడికి పిల్లల్లేరు. గిలక వాడి భుజాల మీదే పెరిగింది. ఆల్బం వచ్చిన రోజు అందరం కింద చేరాం. చిన్నవాడు మొదటి పేజీ నుంచి చివరి దాకా తిప్పాడు. మళ్ళీ చివర నుంచి మొదటికి తిప్పాడు. పెళ్ళి రోజు పొద్దున్నుంచీ వంటల దగ్గర, నీళ్ళ దగ్గర, కరెంటు పోతే జనరేటర్ దగ్గర పరిగెత్తింది వాడే. ఒక్క ఫోటోలోనూ లేడు.

"అన్నయ్యా, నేను పెళ్ళికి వచ్చానా?" అని అడిగాడు.

పెద్దవాడు నవ్వుతూ, "వెనకాల ఉన్నవాణ్ణి ఎవడు తీస్తాడ్రా?" అన్నాడు.

సరదాకే అన్నాడు. చిన్నవాడు ఆల్బం మూసి నా ఒడిలో పెట్టి మేడెక్కాడు. అంతే, ఇద్దరికీ మాటల్లేవు. ఒకే కంచంలో తిని పెరిగిన పిల్లలు. మా ఆయన పోయిన రోజు కూడా ఇల్లు ఇంత నిశ్శబ్దంగా అనిపించలేదు. ఆ రోజు వీళ్ళిద్దరూ నాకు చెరో పక్కన ఉన్నారు.

గిలక ఊరుకుంటుందా? కళ్ళు చూపించే వంకతో నన్ను వెంటబెట్టుకుని ఆ షాపుకి పోయింది. కౌంటర్ మీద రెండు చేతులూ పెట్టి అడిగింది:

"అందరికీ కళ్ళజోళ్ళు పెడుతున్నారు కదా, మీరూ ఒకటి పెట్టుకోకూడదా? మా బాబాయి అంత మనిషి మీకు కనబడలేదా?"

ఆ తర్వాత జరిగిందంతా చెప్పింది. అతను ఎదురు మాట్లాడతాడని నేను అనుకున్నాను. అతని ముఖం తెల్లబోయింది. తుడుస్తున్న అద్దం చేతిలో అలాగే ఉండిపోయింది. ఒక ఫోటో తీయకపోతే అన్నదమ్ములు విడిపోతారని అతను కలలో కూడా అనుకోలేదట.

"నాకు వేదిక ఒక్కటే పెళ్ళనిపించిందండీ," అన్నాడు చివరికి. "ఆయన్ని ఇప్పుడు తీస్తానంటే ఒప్పుకుంటారా?"

"ఆయన ఒక్కణ్ణీ తీస్తే ఏం లాభం? ఇద్దరూ ఒకే ఫోటోలో ఉండాలి. నాయనమ్మకి వచ్చే నెల డెబ్బై నిండుతాయి. ఆ రోజు రండి. ఈసారి ఒక్కరు తప్పిపోయారా, రోజూ మీ షాపుకి వచ్చి కూర్చుంటాను."

"రోజూనా?" అన్నాడు. ఆ గొంతులో భయమేమీ లేదు.

నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, అక్షరాల అట్ట తగిలించబోయి, నా ముఖం చూశాడు. ఏమీ అడగకుండా అది తీసేసి బొమ్మల అట్ట తగిలించాడు. గిలక అది చూసింది. ఇల్లు చేరేదాకా దాని నోట ఒక్క మాట రాలేదు. నాకు భయమేసి, జ్వరమేమోనని దాని నుదురు తాకి చూశాను.

పుట్టినరోజుకి చుట్టాలందరూ వచ్చారు. అతను వస్తూనే పెరట్లోకి వెళ్ళి, ముందుగా గిన్నెలు కడుగుతున్న ఆవిణ్ణి తీశాడు. ఆవిడ చేతిలో గిన్నె జారిపోయింది. తననెవరూ ఏ పుట్టినరోజులోనూ ఫోటో తీయలేదట. చిన్నవాడు మాత్రం కెమెరా కనబడగానే ముఖం తిప్పుకున్నాడు.

చిక్కు గ్రూప్ ఫోటో దగ్గర వచ్చింది. ఇంటి ముందు వీధిలో వరసగా నిలబడ్డాం. పెద్దవాడు ఎడమ చివర, చిన్నవాడు కుడి చివర. దగ్గరికి రమ్మంటే ఒకడు చెప్పులు చూసుకుంటాడు, ఇంకొకడు ఆకాశం చూస్తాడు. అంత పొడుగు వరస ఒక్క ఫోటోలో పట్టదట. ఎడమ నుంచి కుడికి ముక్కలు ముక్కలుగా తీసి, తర్వాత ఇంటి దగ్గర అతికిస్తానని, అన్నీ అయ్యేదాకా ఎవరూ కదలొద్దని చెప్పాడు.

అప్పుడు పెద్దవాడు, "గిలకా, ఇటు రా, నా పక్కన నిలబడు," అన్నాడు.

ఆ చివర చిన్నవాడు తన పక్కన ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉంచుకున్నాడు.

అది ఒకరి పక్కన నిలబడితే రెండోవాడు ఇక ఈ జన్మలో కలవడు. గిలక తండ్రి పక్కకే వెళ్ళింది. చిన్నవాడు తల దించుకున్నాడు.

అతను ఒక్కో ముక్కా తీస్తూ జరుగుతూ వచ్చి, మధ్యలో కుర్చీలో ఉన్న నా ముందు ఆగి నన్ను తీశాడు. జేబులోంచి గుడ్డ తీసి కెమెరా అద్దం తుడవడం మొదలుపెట్టాడు. తుడిచాడు, చూశాడు, మళ్ళీ తుడిచాడు. అంతకుముందు నన్ను తీస్తున్నప్పుడే నా వెనక గాలి వీచినట్టయింది. కదలొద్దన్నాడు కదా అని తిరిగి చూడలేదు. పుట్టినరోజు నాది కాబట్టి నా ఫోటో మీద ఇంత శ్రద్ధ కాబోలనుకుని, ఇంకొంచెం నిటారుగా కూర్చున్నాను.

ఫోటో తెచ్చిన రోజు వాన. గొడుగు ఫోటో చుట్టకి పట్టి, తను తడిసి ముద్దయి వచ్చాడు. కింద గదిలో చుట్ట విప్పాడు. వదిలితే మళ్ళీ చుట్టుకుపోతోంది. రెండు చివర్లూ ఎవరినైనా పట్టుకోమన్నాడు. ఒక చివర పెద్దవాడు పట్టుకున్నాడు. నా మాట కాదనలేక మెట్లు దిగి వచ్చిన చిన్నవాడు రెండో చివర అందుకున్నాడు.

పెద్దవాడు తన చివర చూసి, గాలితో చెప్పినట్టు, "నా కూతురు నా పక్కనే ఉంది," అన్నాడు.

"నీ కళ్ళకేమైంది అన్నయ్యా? ఇదిగో, నా పక్కన ఉంటే."

అన్నయ్యా అన్నాడు. ఇన్నాళ్ళకి అన్నాడు.

"నా పక్కన ఉందిరా."

"ఏదీ, చూపించు."

చివర వదిలితే చుట్టుకుపోతుంది. అందుకని ఎవరి చివర వాళ్ళు పట్టుకునే ఒకరి వైపు ఒకరు నడిచారు. ఫోటో మధ్యలో వేలాడింది, రెండు చివర్లూ పక్కపక్కకి వచ్చాయి. ఈ చివర గిలక, ఆ చివర గిలక. అదే పసుపుపచ్చ చున్నీ, అదే ముఖం. చిన్నవాడి పక్కన ఉన్నదానికి మాత్రం జుట్టు చెదిరిపోయి, ఆయాసంతో నోరు తెరుచుకుని ఉంది. దాన్ని చూస్తూ చిన్నవాడు నవ్వుతున్నాడు.

నేను కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాను. అప్పుడూ ఇద్దరు గిలకలే ఉన్నారు.

ముందు తేరుకున్నది పెద్దవాడు. మొదటిసారి ఉన్నవాణ్ణి లేకుండా చేశావు, ఈసారి ఒకదాన్ని ఇద్దర్ని చేశావు, నీ చేతికి కెమెరా ఎవరిచ్చారని అతని మీద విరుచుకుపడ్డాడు. అన్నయ్య అన్నదాంట్లో తప్పేమీ లేదని చిన్నవాడు తోడయ్యాడు. అతను తలొంచుకుని, అతికించడంలో తనదే పొరపాటని, సరిచేసి తెస్తానని అన్నాడు.

"పొరపాటు కాదు," అంది గిలక. "నాన్న పక్కన ఫోటో అవగానే, వరస వెనక వంగుని బాబాయి దగ్గరికి పరిగెత్తాను. మీలో ఎవరి పక్కన లేకపోయినా ఆ మనిషి మళ్ళీ అలుగుతాడని. ఫోటో తీసిన ఈయనకేమీ తెలియదు, ఈయన్ని అనకండి."

"తెలుసు," అన్నాడతను.

గిలక చటుక్కున అతని వైపు తిరిగింది.

"బామ్మగారి వెనక పసుపు చున్నీ కనబడింది. మీరింకా ఆ చివరికి చేరలేదని అద్దం తుడుస్తూ నిలబడ్డాను. అద్దం మీద ఏమీ లేదండీ."

నేను ఫోటోలో నా బొమ్మ వెతుక్కున్నాను. నిజమే, నా భుజం వెనక చున్నీ అంచు. ఆ శ్రద్ధ నాకోసం కాదన్నమాట.

"మరి ఇంటికెళ్ళాక ఒకదాన్ని తీసేయొచ్చుగా?" అంది గిలక. గొంతు బాగా తగ్గింది.

"తీసేద్దామనే కూర్చున్నాను. ఇటు తీయబోతే చెయ్యి రాలేదు, అటు తీయబోతే రాలేదు." అతని చెవులు ఎర్రబడ్డాయి. "మిమ్మల్ని ఫ్రేమ్‌లోంచి జరగమని ఒకసారి అన్నాను. ఇంక ఎప్పటికీ అనలేను."

గిలక మాట్లాడలేదు. చెయ్యి చాచి దాని నుదురు తాకి చూశాను. జ్వరం లేదు.

చిన్నవాడు గొంతు సవరించుకున్నాడు. "అన్నయ్యా, ఈ అబ్బాయి తరఫువాళ్ళు ఎవరో, ఏమిటో కనుక్కోవాలి."

"నువ్వే కనుక్కోరా," అన్నాడు పెద్దవాడు. ఫోటో వంకే చూస్తూ, "వెనకాల జరిగేవన్నీ చూసేది నువ్వే. నాకు ఎదురుగా ఉన్నదే కనబడదు," అన్నాడు.

చిన్నవాడు ఫోటో చివర వదల్లేదు కాబట్టి, కళ్ళు భుజానికి తుడుచుకున్నాడు.

"నన్నెవరూ అడగరా?" అంది గిలక.

అడుగుతున్నాం, చెప్పమన్నాం.

"ఈయనకి ఫోటోలు తీయడం రాదు. వచ్చేదాకా ఎవరో ఒకరు పక్కనే ఉండి చూసుకోవాలి," అని చెప్పి, తల తుడుచుకోవడానికి అతని చేతికి తువ్వాలు ఇచ్చింది. ఇంట్లో ఇంతమంది పెద్దవాళ్ళం ఉండగా ఒక ఆడపిల్ల తన పెళ్ళి తనే కుదుర్చుకోవడం నేను అప్పుడే చూశాను. ఆ రోజంతా తెరిచిన నోరు మూయలేదు.

పెళ్ళికి వేరే ఫోటోగ్రాఫర్ వచ్చాడు. పెళ్ళికొడుకు అలవాటు కొద్దీ, ఎవరైనా కెమెరా ఎత్తినప్పుడల్లా అడ్డం తప్పుకుంటున్నాడు. చివరికి గిలక చెయ్యి పట్టుకుని లాగింది.

"ఇటు జరగండి. ఫ్రేమ్‌లోకి రండి."

ఆ ఆల్బం మొదటి పేజీలో పెళ్ళికొడుకూ లేడు, పెళ్ళికూతురూ లేదు. వంటల దగ్గర చెమటతో తడిసిన చొక్కాల్లో నా కొడుకులిద్దరున్నారు.

పొడుగు ఫోటోకి మా ఇంట్లో ఏ గోడా చాలలేదు. మెట్ల పక్క గోడకి ఏటవాలుగా పెట్టారు, పెద్దవాడి చివర కింద, చిన్నవాడి చివర పైన. ఆ మెట్ల మీద కూర్చోబెట్టే గిలకా, దాని మొగుడూ నాకు అక్షరాలు నేర్పారు.

ఇట్లు,
గిలక నాయనమ్మ,
డెబ్బై మూడేళ్ళు.
ఇప్పుడు ఉండేది కిందా, పైనా, రెండు చోట్లా.