అన్నయ్య రంగులు

తెల్లవారేసరికి వాన వెలిసింది. భవానీపురంలోని ఇంట్లో, ముందుగదిలో కూర్చుని డయానా వయొలిన్ వాయిస్తోంది. వంటింట్లోంచి తల్లి సంపూర్ణమ్మ కేకేసింది.

"జయా, కాఫీ చల్లారిపోతోంది."

జయపాల్ డయానాకి అన్న. తెలుగు ఎమ్మే చదువుతూ మెదడువాపు జ్వరంతో పోయి మూడేళ్లయింది. ఇదివరకు ఆ పేరు నోరు జారితే సంపూర్ణమ్మ నాలుక కరుచుకునేది. ఈమధ్య అదీ మానేసింది. డయానా గ్లాసందుకుంది. కాఫీలో పంచదార లేదు. అన్నయ్య అలాగే తాగేవాడు.

కొడుకు పోయిన కొత్తలో సంపూర్ణమ్మ మంచం దిగలేదు, ముద్ద ముట్టలేదు. ఒకరోజు డయానా అన్న వయొలిన్ తీసి, అతను వాయించే కీర్తన తడబడుతూ వాయించింది. తల్లి లేచి కూర్చుని అన్నం తింది. అప్పట్నుంచి డయానా ఆపలేదు. కెమిస్ట్రీతో బీయస్సీ చేసిన పిల్ల, అన్న చదివిన యూనివర్సిటీలోనే తెలుగు ఎమ్మేలో చేరింది. అతను పెన్సిలు గీతలు పెట్టుకున్న కవిత్వమే చదివింది. అతనిలాగే కృష్ణ ఒడ్డునీ పడవలనీ నీలంలో, బూడిదరంగులో వేసింది. అన్నాచెల్లెళ్లకి ఒకటే అభిరుచి అని చర్చిలో అందరూ మెచ్చుకునేవాళ్లు. అద్దం ముందు నిలబడితే మాత్రం ఒక్కోసారి ఆమెకి ఒళ్లు జలదరించేది. తల పక్కకి వంచి నవ్వే ఆ నవ్వు తనది కాదు.

ఆ వారం యూనివర్సిటీలో చిత్ర ప్రదర్శన. దానికోసం మొదటిసారి వేరే బొమ్మ వేసింది. వన్ టౌన్‌లో ఎండుమిరప బస్తాల బండి లాగే మనిషి. బొమ్మంతా ఎరుపే.

గ్లాసు తీసుకెళ్లడానికొచ్చిన సంపూర్ణమ్మ, ముందుగది గోడకి ఆనించిన ఆ బొమ్మ ముందు ఆగిపోయింది.

"ఇదేంటి? నీకు ఎరుపు పడదుగా."

"పడనిది అన్నయ్యకమ్మా."

"ఇద్దరికీ తేడా ఏముంది?" అని మామూలుగా అంటూ ఆమె బొమ్మని గోడవైపు తిప్పేసింది.

డయానా దాన్ని మళ్లీ ఇటు తిప్పింది. తల్లి చెయ్యి చాపితే పట్టుకుని ఆపింది.

"నన్ను చూడమ్మా. నేను డయానాని."

"నువ్వు వాయిస్తుంటే వాడిక్కడే ఉన్నట్టుంటుందే. అదీ లేకుండా చేస్తావా?"

"మరి నేనెక్కడున్నాను?"

సంపూర్ణమ్మ చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. ఎంతో కాలానికి ఊర్నుంచి వచ్చిన మనిషిని చూసినట్టు కూతుర్ని చూసింది. అసలు నీకేం ఇష్టమే, ఏ పాట, ఏ పుస్తకం అని మెల్లగా అడిగింది. డయానా చెప్పబోయింది. నోటికొచ్చినవన్నీ అన్నయ్యవే. తనదంటూ ఒక్కటీ తట్టలేదు.

అమ్మ ఏమైపోతుందోనని అన్న శవపేటిక దగ్గర కూడా ఏడవని పిల్ల, ఇప్పుడు నేలమీద కూలబడింది.

"అన్నయ్య చచ్చిపోయాడమ్మా."

ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ పైకి అనలేదు. సంపూర్ణమ్మ పక్కనే చతికిలబడి కూతురి తల ఒళ్లోకి తీసుకుంది.

"పోయాడు తల్లీ. వాడితోపాటు నిన్ను కూడా సమాధి చేశానే, డయానా."

ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు. ముందుగదిలో జయపాల్ లేడు. ఆ సంగతి ఆ ఇంటికి ఆరోజు తెలిసింది.