సైగాన్ సిటీ టూర్‌లో చిటికెడు ఉప్పు

"అలా చేతికివ్వకూడదని ఎన్నిసార్లు చెప్పాలమ్మాయ్?"

అనంతలక్ష్మి చెయ్యి వెనక్కి లాక్కుంది. కోడలు భానుశ్రీ చాచిన ఉప్పు సీసా గాల్లోనే ఆగిపోయింది. అమెరికాలో, వర్జీనియాలోని షాంటిలీలో ఆదివారం ఉదయం. బల్ల మీద పెసరట్లు చల్లారిపోతున్నాయి.

"మీరేగా అత్తయ్యా, ఉప్పు తక్కువైందన్నారు?"

"అన్నాను. బల్ల మీద పెట్టు, తీసుకుంటాను. ఉప్పు చేతికి చెయ్యి మారితే ఇద్దరికీ గొడవొస్తుంది."

"మారకుండానే వచ్చిందిగా!"

రవిశంకర్ ఫోన్‌లో తల దూర్చేశాడు. తల్లికీ భార్యకీ మధ్య తను కనిపెట్టిన క్షేమమైన చోటు అదొక్కటే. పదిహేనేళ్ళ కృతి మాత్రం, "నానమ్మ వన్, మామ్ వన్" అని స్కోరు చెప్పింది. భానుశ్రీ సీసాని ఠక్కున పెట్టింది. మూత ఊడి ఉప్పు బల్లంతా చిందింది.

"చూశావా?" అంది అత్తగారు, ఎంతో తృప్తిగా.

అప్పుడే భానుశ్రీ ఫోన్ మోగింది. బల్ల మీదున్న తెర మీద, అత్తగారికీ కనిపించేలా, మెసేజ్ ఒకే ఒక్క ముక్క: ఆంటీ, కరివేపాకు ఫ్రెష్‌గా వచ్చింది.

"గ్రోసరీకి వెళ్ళొస్తాను. కరివేపాకు అయిపోయింది," అంటూ తాళాలు తీసుకుంది.

పొద్దున్నే తను ఫ్రిజ్‌లో సర్దిన కరివేపాకు కట్ట అనంతలక్ష్మికి గుర్తొచ్చింది. అయినా ఉప్పు ఎత్తడంలో మునిగిపోయింది.

ఇండియన్ స్టోర్‌లో బెండకాయల దగ్గర మానవ్ నిలబడి ఉన్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళు, హుడీ, చేతిలో బుట్ట. వర్జీనియాలోనే పుట్టి పెరిగాడు. ఊరికి అతనొక కన్సల్టెంట్. గూఢచారి సంస్థలో మాత్రం ఆగ్నేయాసియా డెస్క్ మొత్తం అతని కింద ఉంది, భానుశ్రీతో సహా. పద్నాలుగేళ్ళుగా ఆమె ఇంట్లోవాళ్ళ దృష్టిలో ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిమ్స్ ఆడిటర్.

"ప్రాబ్లమ్, ఆంటీ. లిస్ట్ పోయింది."

ఆమె చేతిలోని బెండకాయ తుంచకుండానే విరిగింది. "ఏ లిస్ట్?"

"సైగాన్ లిస్ట్. పదకొండు పేర్లు. హెరాన్ రింగ్ అనే గ్యాంగ్ మిసైల్ పార్ట్స్ స్మగుల్ చేస్తోందని మనకి చెప్పినవాళ్ళు. మెమరీ కార్డ్‌లో కాపీ చేసి ఎవరో బయటికి తీసుకెళ్ళారు. రింగ్‌కి అది అందితే రెండో రోజుకి పదకొండు మందీ ఉండరు."

"ఎలా అందిస్తారు?"

"న్యూజెర్సీలో ఐసెలిన్ నుంచి తెలుగు గ్రూప్ టూర్ వెళ్తోంది, వియత్నాం ఎనిమిది రోజులు. కొరియర్ అందులో ఉన్నాడు. లేదా ఉంది. ఎవరో తెలీదు. వాళ్ళ మెసేజ్ ఒకటి పట్టాం. లాస్ట్ డే సిటీ టూర్, బస్ ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళే ముందు. చేతికి చెయ్యి ఇవ్వాలి, ఎక్కడా కింద పెట్టకూడదు అని ఉంది."

"వాళ్ళని ముందే దాచెయ్యొచ్చుగా?"

"పదకొండు మంది ఒకే రోజు మాయమైతే? వాళ్ళే అని మనమే చెప్పినట్టు." ఫోన్‌లో ఫొటో చూపించాడు. ముప్ఫై ఏళ్ళ అమ్మాయి, వెదురు టోపీ, పక్కన ముందు పన్ను ఊడిన చిన్నపిల్ల. "లాన్. మీ సిటీ టూర్ గైడ్. లిస్ట్‌లో థర్డ్ నేమ్. లిస్ట్ పోయిందని ఆమెకి తెలీదు."

భానుశ్రీ ఫొటో వంక అవసరానికి మించి ఒక క్షణం ఎక్కువ చూసింది.

"బ్యాకప్?"

"రాగిణి. ఐసెలిన్‌లో శారీ బొటీక్. సెవెన్ ఇయర్స్ నుంచి మనతో ఉంది." ఒక నల్లపూసల ఉంగరం ఆమె బుట్టలో వేశాడు. "మీటర్ దూరంలో మెమరీ కార్డ్ ఉంటే వైబ్రేట్ అవుతుంది. ఆంటీ, కవర్ కోసం ఫ్యామిలీ మెంబర్ ఎవరైనా కావాలి."

"మా అత్తగారు ఉన్నారు."

"పర్ఫెక్ట్! అత్తాకోడళ్ళని ఎవరూ డౌట్ చెయ్యరు."

"ఒకళ్ళనొకళ్ళు తప్ప," అంది భానుశ్రీ.

ఎనిమిదో రోజు ఉదయం ఎనిమిదింటికి హోచిమిన్ సిటీలో హోటల్ ముందు బస్సు ఆగింది. జనం ఇంకా సైగాన్ అనే పిలుస్తున్న ఆ ఊళ్ళో రోడ్డు కనిపించదు, మోటారుసైకిళ్ళు కనిపిస్తాయి. మొహాలకి మాస్కులు, తలకి హెల్మెట్లు. వాటి మీద గ్యాస్ సిలిండర్లు, కోళ్ళ గంపలు, మడత మంచాలు, నలుగురేసి మనుషులు.

ఏడు రోజులూ భానుశ్రీకి నిద్ర లేదు. టూర్‌లో ప్రతి ఒక్కరినీ వడపోసింది, ఏమీ తేలలేదు. ఉంగరం సంగతి మరీ అన్యాయం. ఎవరి ఫోన్‌లో కార్డు ఉన్నా, ఎవరి కెమెరాలో ఉన్నా అది వణుకుతూనే ఉంది. వేలు తిమ్మిరెక్కింది.

"కాలు అలా ఊపకు," అంది పక్క సీట్లోంచి అత్తగారు. "చూస్తుంటే నాకే కంగారుగా ఉంది."

ముందు సీట్లో రాగిణి వెనక్కి తిరిగింది. నెమలికంఠం రంగు సిల్క్ టాప్, నల్ల కళ్ళద్దాలు, నలభై దాటినా ముప్ఫై దగ్గరే ఆగిన ముఖం. మొదటిరోజే ఇద్దరూ కోడ్ మార్చుకున్నారు. "ఐసెలిన్‌లో పార్కింగ్ దొరికిందా?" అని భానుశ్రీ. "ఆదివారం దేవుడికి కూడా దొరకదు," అని రాగిణి.

"పిన్నిగారూ, కొంచెం ఆవకాయ," అంటూ రాగిణి ఉప్మా పళ్ళెం చాచింది. టూర్ వంటవాడి ఉప్మా కన్నా అనంతలక్ష్మి సీసాకే బస్సులో గిరాకీ ఎక్కువ. రాగిణి ఎర్రటి ముక్క కొరికి, కళ్ళైనా చెమర్చకుండా నమిలింది. "గుంటూరు నోటికి ఇది చాలదు పిన్నిగారూ. ఇంకాస్త కారం పడాలి."

"నా ఆవకాయకా!" అనంతలక్ష్మి నొచ్చుకుంది.

దిగేటప్పుడు రాగిణి భానుశ్రీ చెవి దగ్గర గొణిగింది. "అక్కా, వెనక సీట్లో రాజారావు గారు. ఆ నల్ల పౌచ్ చూశావా? బాత్రూమ్‌కి కూడా వదలట్లేదు."

లాన్ పసుపుపచ్చ జెండా ఎత్తింది. "రోడ్డు దాటేటప్పుడు పరిగెత్తకండి, ఆగకండి. మెల్లగా నడవండి. స్టికీ రైస్‌లాగా ఒకరికొకరు అంటుకుని ఉండండి!" అంది ఇంగ్లీషులో. పదహారు మంది తెలుగువాళ్ళు ముద్దకట్టి ఆ మోటారుసైకిళ్ళ ఏరులో దిగారు. ఏరు చీలి దారిచ్చింది.

ఇండిపెండెన్స్ ప్యాలెస్ కింద బంకర్‌లో పాత రేడియోలు, గోడల నిండా యుద్ధపు మ్యాపులు. రాజారావు పౌచ్‌ని గుండెలకి హత్తుకుని ఒక్కో రేడియో ముందూ ఆగాడు. అతని వెనకే భానుశ్రీ ఆగింది. చోలన్‌లో చైనావాళ్ళ గుడి. కప్పుకి వేలాడే చుట్టల అగరుబత్తుల పొగలో అతను ఒకసారి మాయమై, కాళ్ళు కడుక్కునే చోట తేలాడు. బెన్ థాన్ మార్కెట్లో అనంతలక్ష్మి ఒక టోపీ బేరం నలభై నిమిషాలు చేసింది.

"మా పాపకి రెయిన్‌కోట్ కొనాలి," అంది లాన్ దారిలో, భానుశ్రీ పక్కన నడుస్తూ. "గులాబీ రంగే కావాలట. ఈ సాయంత్రం మీ బస్సు వెళ్ళగానే కొంటాను."

ఈ సాయంత్రం. భానుశ్రీ వాచీ చూసుకుంది. మూడూ పది.

ఆఖరి మజిలీ సెంట్రల్ పోస్టాఫీస్. నాలుగింటికి బస్సు నేరుగా ఎయిర్‌పోర్ట్‌కి. మూడూ నలభైకి రాజారావు అటూ ఇటూ చూసి లోపలికి జారుకున్నాడు. పసుపు గోడల ఆ పెద్ద హాల్లో పాత చెక్క ఫోన్ బూత్‌లు వరసగా ఉన్నాయి. అతను ఒక బూత్‌లో దూరి తలుపు వేసుకున్నాడు. భానుశ్రీ మూడు అంగల్లో చేరి తలుపు లాగింది.

రాజారావు చేతికి గుడ్డ పట్టీ చుట్టుకుని, పౌచ్‌లోంచి తీసిన బీపీ మెషీన్ నొక్కుతున్నాడు.

"రా తల్లీ, రా," అన్నాడు నిష్ఠూరంగా. "మా ఆవిడ గంటగంటకీ చూసి పంపమంది. అసలు నూట ముప్ఫై ఉండేది. పొద్దున్నించీ నువ్వు నా వెంట పడ్డాక నూట అరవై!"

భానుశ్రీ తలుపు వదిలేసింది. నల్ల పౌచ్ చూడమన్నది ఎవరు?

వెనుదిరిగి పరుగెత్తింది.

బయట చింతచెట్ల నీడలో ఒకామె కావడి దించి పచ్చిమామిడి ముక్కలమ్ముతోంది. ప్లాస్టిక్ గ్లాసులో ముక్కలు, దానికి రబ్బరు బ్యాండుతో కట్టిన ఉప్పూకారం పొట్లం. గ్రూపులో కొందరు చుట్టూ మూగి ఉన్నారు. అనంతలక్ష్మి అరుగు మీద గ్లాసు పట్టుకుని కూర్చుని, "అచ్చం మనలాగే తింటారే వీళ్ళు!" అని మురిసిపోతోంది. వీధి అంచున ఒక మోటారుసైకిల్ ఇంజన్ ఆపకుండా నిలబడి ఉంది.

రాగిణి ఆ అమ్మే ఆమె వైపు వంగింది. చేతిలో తన పొట్లం. "టూ స్పైసీ. ఛేంజ్, ప్లీజ్."

అమ్మే ఆమె అరచెయ్యి చాచింది. చేతికి చెయ్యి.

భానుశ్రీకీ వాళ్ళకీ మధ్య ఇరవై అడుగులు. అడ్డంగా గ్రూపు ఫొటో దిగుతున్న తొమ్మిది మంది. పొట్లం ఆ అరచేతికి జానెడు దూరంలో ఉంది.

"ఆగమ్మాయ్!"

అనంతలక్ష్మి గొంతు. వెనక ఫొటో తీసేవాడు కూడా ఆగిపోయాడు.

"ఉప్పు చేతికిస్తారుటే? కింద పెట్టు!"

ఏడేళ్ళు రెండు పక్కలా పనిచేసిన మనిషి రాగిణి. లై డిటెక్టర్‌నే మోసం చేసింది. కానీ ఆ గొంతు ఆమె చెవిని దాటి, గుంటూరులో పీట మీద కూర్చున్న ఆరేళ్ళ పిల్లకి తగిలింది. ఎవరో వేళ్ళ మీద కొట్టినట్టు ఆమె చెయ్యి చటుక్కున వెనక్కి వచ్చి, పొట్లాన్ని అరుగు మీద పెట్టేసింది.

పెట్టాక ఏం చేసిందో ఆమెకే అర్థమైంది. మళ్ళీ అందుకోబోయింది. అటు నుంచి అమ్మే ఆమె కూడా.

అనంతలక్ష్మి తన మామిడి గ్లాసుని తెచ్చి పొట్లం మీద పెట్టేసింది. "ఉండండి. నాకు ఉప్పు తక్కువైంది."

భానుశ్రీ ఫొటో మధ్యలోంచి దూసుకొచ్చింది. గ్లాసు కింద నుంచి పొట్లం లాగి, పళ్ళతో చింపి, మామిడి ముక్క మీద కుమ్మరించింది. ఎర్రటి కారంలో నల్లగా, గోరంత కార్డు. ఉంగరం వేలు తెగేలా వణికింది. మోటారుసైకిల్ మీంచి హెల్మెట్ మనిషి దిగుతున్నాడు, చెయ్యి చొక్కా కింద.

ఆమె కార్డుతో సహా మామిడి ముక్క నోట్లో వేసుకుంది. దవడ పళ్ళ కింద పెట్టి కొరికింది. కటుక్కుమంది.

పదకొండు పేర్లు రెండు ముక్కలయ్యాయి. మరోసారి కొరికింది. నాలుగు.

ఆ చప్పుడు విన్న హెల్మెట్ మనిషి ఒక అరక్షణం నిలబడ్డాడు. చుట్టూ డజను ఫోన్లు వీడియో తీస్తున్నాయి. వెనక్కి తిరిగి బండెక్కాడు. కావడి అక్కడే వదిలేసి అమ్మే ఆమె వెనక సీటు మీదికి దూకింది. క్షణంలో ఆ మోటారుసైకిళ్ళ ఏట్లో కలిసిపోయారు.

"ఆవకాయలో కారం చాలలేదన్నావు, ఇది ఎక్కువైందా రాగిణీ?" కళ్ళ నీళ్ళు కారుతుండగా అడిగింది భానుశ్రీ.

రాగిణి కళ్ళద్దాలు సర్దుకుంది. నవ్వింది కూడా. "పాస్‌పోర్ట్ నా చేతిలో ఉంటే ఈపాటికి నేను కనిపించేదాన్ని కాదక్కా."

ఉండదు. గ్రూప్ టూర్‌లో పాస్‌పోర్టులన్నీ టూర్ మేనేజర్ సంచిలోనే. ఆ సంచి ఆయన మెడలో, ఆయన బస్సు గుమ్మంలో.

"అమ్మాయ్ రాగిణీ, నాకు కళ్ళు తిరుగుతున్నాయే. నా పక్కన కూర్చో," అని అనంతలక్ష్మి ఆమె మణికట్టు పట్టుకుంది. ఎయిర్‌పోర్ట్ దాకా వదల్లేదు. విమానంలోనూ వదల్లేదు. శాన్ ఫ్రాన్సిస్కోలో ఇమిగ్రేషన్ దగ్గర ఇద్దరు మనుషులు మర్యాదగా వచ్చి రాగిణిని పక్క గదిలోకి పిలిచేదాకా ఆ చెయ్యి ఆ మణికట్టు మీదే ఉంది. భానుశ్రీ అదంతా పెద్దావిడ నీరసం అనుకుంది.

బస్సు ఎక్కేముందు లాన్ చెయ్యి ఊపుతూ చెప్పిన మాట ఆమె చెవిలో ఇంకా ఉంది. "రివ్యూలో ఐదు స్టార్లు ఇవ్వడం మర్చిపోకండి!" ఆ సాయంత్రం లాన్ గులాబీ రెయిన్‌కోటే కొని ఉంటుంది.

మళ్ళీ ఆదివారం. షాంటిలీలో నలుగురూ భోజనానికి కూర్చున్నారు. ముద్దపప్పు, దొండకాయ వేపుడు. భానుశ్రీ ఎడమ దవడ వాచి ఉంది. పన్ను మామిడి టెంక మీద విరిగిందని ఇంట్లో చెప్పింది.

"డాడ్, సాల్ట్," అంటూ కృతి చెయ్యి చాచింది. రవిశంకర్ సీసా అందించబోయాడు.

"కింద పెట్టండి!"

భానుశ్రీ గొంతుకి అతను ఉలిక్కిపడి సీసా బల్ల మీద పెట్టేశాడు. "అదేంటి, నువ్వే కదా ఇవన్నీ నమ్మనిది?"

"ఇప్పుడూ నమ్మను. కానీ ఈ ఇంట్లో ఇకమీదట ఎవరూ ఉప్పు చేతికివ్వకూడదు. అంతే."

"నానమ్మ టూ," అంది కృతి.

అనంతలక్ష్మి నెమ్మదిగా పప్పులో నెయ్యి కలుపుకుంది. "ఏరా రవీ, జూన్‌లో నా టికెట్ ఉంది కదూ? కాన్సిల్ చేసెయ్. వీసా ఎక్స్‌టెన్షన్‌కి అప్లై చెయ్యి. అమ్మాయి ఆఫీసు వాళ్ళకి మళ్ళీ కరివేపాకు ఫ్రెష్‌గా వచ్చినప్పుడు, నేనూ వెళ్తున్నాను."

భానుశ్రీ చేతిలో ముద్ద ఆగిపోయింది. అత్తగారు ఆమె వైపు చూడనే లేదు.

"ఇన్సూరెన్స్ ఆఫీసు వాళ్ళతో నువ్వెందుకమ్మా?" అన్నాడు రవిశంకర్, ఏమీ అర్థంకాక.

"ఇన్సూరెన్సే కదరా," అంది అనంతలక్ష్మి, ఉప్పు సీసా బల్ల మీద నుంచి తీసుకుంటూ. "నేను పక్కనుంటే వాళ్ళకే రిస్కు తక్కువ."