బ్యారన్‌లో దగ్గు

పెనుబల్లి దాటి అడవి మొదలయ్యే చోట, ఓ మామిడితోట చివర పాడుబడ్డ పొగాకు బ్యారన్ ఉంది. పచ్చాకును వేడికి ఆరబెట్టే ఎత్తైన గది, కిటికీ అన్నది లేదు. పొద్దుగూకాక అటు పోవద్దంటారు. ఎందుకంటే లోపల ఎవరో దగ్గుతారు.

ఆ దగ్గు దూలయ్యదని ఊరి నమ్మకం. బతికున్నన్నాళ్లూ ఆ బ్యారన్ పొయ్యిలోకి కట్టెలు ఎగదోసి, పొగ మింగి మింగి పోయాడట. చచ్చాక కూడా దగ్గు తగ్గలేదంటే, పాపం, పైలోకంలో దవాఖానా లేదన్నమాట.

పద్మప్రియకు ఇదంతా తెలుసు. తెలిసీ ఆ మసకచీకట్లో అటే నడుస్తోంది. దెయ్యం కన్నా ఫొటోగ్రాఫర్ భయం ఎక్కువైంది మరి. "వెలుతురు పోతాంది మేడమ్, జల్దీ" అని ఇప్పటికే చాలాసార్లు అరిచాడు.

తోటలో కూతురు లిఖిత ఓణీల ఫంక్షన్. చుట్టాలందర్నీ బతిమాలి, బెదిరించి, వరసగా నిలబెట్టింది. మోకాళ్ల నొప్పులన్న మామయ్యకు కుర్చీ వేసింది. జుట్టుకు రంగేసుకోలేదని మొరాయించిన బాబాయికి తలపాగా చుట్టింది. ఆ ఊళ్లోనే ఉండే పెద్దమ్మ కళావతి మాత్రం లేదు. కెమెరా సంచి జిప్పు చప్పుడైతే చాలు, ఆవిడ మాయం. తోటంతా వెతికాక ఇక మిగిలింది బ్యారనే.

పోనీలే అని వదిలేయడానికి మనసొప్పలేదు. రెండేళ్ల కిందట అమ్మ పోయింది. అమ్మదీ ఇదే వరస, ఫొటో అంటే వంటింట్లోకి పరుగు. పోయాక వెతికితే ఇంట్లో ఒక్కటీ లేదు. ఆఖరికి తమ్ముడు జయప్రకాశ్ తన పెళ్లి ఆల్బంలో ఓ మూల, కొంగు సగం కప్పుకున్న అమ్మను కనిపెట్టి, స్టూడియోలో పెద్దది చేయించాడు. దానికి దండేసి, దాని ముందే ఏడుస్తూ వస్తోంది పద్మప్రియ. అమ్మ పోలికే ఉన్న పెద్దమ్మనైనా దక్కించుకోవాలని ఆమె పంతం.

బ్యారన్ తలుపు ఓరగా తీసి ఉంది.

ఖళ్... ఖళ్...

పద్మప్రియ గబగబా సెల్లు తీసింది. లైటు వేద్దామంటే వేలు పక్కదానికి తగిలి ఏదో పాట మొదలైంది. గబుక్కున ఆపేసింది. చీకట్లో ఎర్రగా నిప్పుకణిక... వెలిగింది... మసకబారింది... దాని పక్కన పట్టుచీర అంచు మెరిసింది.

దూలయ్య చీర ఎప్పుడు కట్టాడు?

"ఎ... ఎవరూ?"

"గట్టిగ అరవకే! ఫొటో అయిపోయిందా?"

పెద్దమ్మ! నోట్లో చుట్ట.

"నువ్వా దగ్గేది! ఇన్నేండ్లు దూలయ్య అనుకుంటిమి గదా!"

"అనుకోనియ్యి. ఆయన పేరు మీదనే నాకు గింత నిమ్మళం."

పద్మప్రియ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "రా పెద్దమ్మా. ఒక్క ఫొటో. నీ కాళ్లు మొక్కుత."

"వద్దు తల్లీ. ఒక్కటి దిగినందుకే దండేసిర్రు."

"ఎవరేసిర్రు?"

పెద్దమ్మ చుట్టను నేలకేసి నలిపింది. గొంతు తగ్గించింది.

"మీ ఇంట్ల గోడకున్నది మీ అమ్మ కాదే... నేను."

పద్మప్రియ పట్టుకున్న చెయ్యి వదిలేసింది.

"పెండ్లిల అందరం ఫొటోకు నిలబడితే, అది వంటింట్ల పులిహోర కలుపుతాంది. అక్కచెల్లెండ్లం, పోలిక ఒకటే, ఆపైన కొంగు అడ్డం. మీ తమ్ముడు ఫొటోల నన్నే కత్తిరించుకపోయిండు. పెద్దకర్మకు వచ్చి చూస్తే గోడ మీద నేను! నువ్వేమో దాన్ని పట్టుకొని ఒకటే ఏడుపు. ఏ నోటితో చెప్పాలె? అప్పటిసంది ఏటేటా వచ్చి, నా తద్దినం బువ్వ నేనే తిని పోతున్న. ఇంకో ఫొటో దిగితే ఇంకెవల పేరు మీద దండేస్తరో!"

పద్మప్రియ ఫక్కున నవ్వింది. కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఆగిపోయింది.

"అంటే... అమ్మ ఫొటో?"

"లేదు బిడ్డా. ఏడా లేదు."

ఈసారి ఏడుపు ఆగలేదు. పెద్దమ్మ తన కొంగుతోనే ఆమె మొహం తుడిచింది.

"ఇగ చాలు. పా."

మిగిలిన కాస్త వెలుతురులో కళావతి వెళ్లి ముందు వరస నడుమ కూర్చుంది. తల మీది కొంగు తీసి నడుముకు దోపింది. పద్మప్రియను పక్కకు లాక్కుని, ఫొటోగ్రాఫర్‌ని వేలితో పిలిచింది.

"అబ్బాయ్, ఫొటో కింద నా పేరు రాయి. కళావతి అని. బతికే ఉన్నదని గూడ రాయి."