తొంభై ఆరు ఉమ్మి గొట్టాలు

“సెవెంటీన్, ఆ గొట్టాల పెట్టె జోలికి పోకు. మూడింటి ఓడలో టోక్యో చేరనీ. అక్కడ ఎవరు అందుకుంటారో చూద్దాం. ఓవర్.”

చెవిలో చీఫ్ గొంతు ఆగింది. ఆస్పత్రి నౌకరు వేషంలో ఉన్న గూఢచారి కెన్‌జో ఉస్సురన్నాడు. చీఫ్‌కేం, ఎన్నయినా చెబుతాడు!

రెండేళ్ల కిందట ‘హెరాన్’ ముఠాకి చిక్కినప్పుడు వాళ్లు అతని నెత్తురు ఒక సిరంజి తీసి దాచుకున్నారు. తిమింగలాల వేటకొచ్చిన దొరలు, హవాయి ఆడవాళ్లు, జపాను వాళ్లు కలిసిన నెత్తురది. అలాంటి కలయిక ఉండేది ఈ చిచిజిమా దీవిలోనే. అతని రక్తసంబంధులెవరో పట్టుకోవడానికి ముఠా డాక్టర్ల వేషంలో ఇక్కడ దిగి, “మీ పూర్వీకులెవరో చెబుతాం, ఉచితం!” అంది. జనం ఎగబడ్డారు. తొంభై ఆరు మంది గొట్టాల్లో ఉమ్మేసి వచ్చారు. అందులో అతని తల్లి హానా, తొమ్మిదేళ్ల కూతురు ఇసోకో కూడా ఉన్నారు. ఊరికీ, ఆ పిల్లకీ తెలిసినంతలో ఇసోకో హానా బామ్మ పెంచుకుంటున్న అనాథ. ల్యాబ్‌కి మాత్రం అబద్ధం చెప్పలేం. పిల్ల దొరికితే వాళ్లు బతకనివ్వరు.

“ఎందుకు తీసుకెళ్లావమ్మా?” అని పొద్దున తల్లి మీద విరుచుకుపడ్డాడు.

“నాకేం తెలుసురా! మనలో ఎవరి పాలెంతో చెబుతామంటే వద్దంటానా? పిల్లే నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది,” అని హానా బావురుమంది.

రెండూ నలభై. క్లినిక్ వెనక గదిలో రెనాటా పెట్టెకి సీలు వేయబోతోంది. ఎర్రటి పెదాలు, పచ్చ సిల్కు గౌను. అటు ముఠాకీ ఇటు చీఫ్‌కీ పనిచేసే మనిషి. అసలు ఎవరి మనిషో ఎవరికీ తెలియదు.

కెన్‌జో తుపాకీ తీశాడు. “గొట్టాలు రెండు తియ్యాలి.”

“తియ్యి. ఏ పేర్లు లేవో చూసుకుని తిన్నగా ఆ ఇంటికే వస్తారు. నా పీకా తెగుతుంది. ఎవరివి?”

“మా అమ్మది. నా కూతురిది.” తుపాకీ వదిలేసి నేలకి నుదురు ఆనించాడు. “నీకు పుణ్యముంటుంది, ఏదో ఒకటి చెయ్యి.”

ఆమె చుక్కలు పీల్చి వదిలే ఎనిమిది మొనల పిపెట్ అతని చేతిలో పెట్టింది. “తియ్యకు, కలుపు. అన్నిట్లోనూ నీ ఉమ్మి. అప్పుడు అందరూ నీవాళ్లే. గార్డు ఎనిమిది నిమిషాల్లో వస్తాడు.”

ఉమ్ముదామంటే నోరు పిడచకట్టుకుపోయింది. ఒక్క చుక్క రాదు! బిడ్డ ప్రాణం చుక్క ఉమ్మి దగ్గర ఆగిపోయిందే అని ఏడుపు ముంచుకొచ్చింది.

“నీలాంటి గూఢచారిని నేనెక్కడా చూళ్లేదయ్యా!” రెనాటా టీ పళ్లెంలోంచి దీవి నిమ్మకాయ బద్ద తీసి అతని నోట్లో కుక్కింది. నోరూరింది. ఆమె ముందుకు తోసిన గిన్నె ఉమ్మితో నిండింది. పిపెట్ ఎనిమిదేసి గొట్టాల్లోకి పన్నెండుసార్లు దిగింది. పన్నెండోసారి మూత పడుతుండగానే గార్డు తలుపు తోశాడు.

“ఏయ్, నీకిక్కడేం పని?”

“బల్ల తుడుస్తున్నా సార్,” అన్నాడు కెన్‌జో, బుగ్గలో నిమ్మబద్దతోనే.

మూడింటికి ఓడ కదిలింది. దీవి ఆనవాయితీ ప్రకారం వీడ్కోలు పడవల్లోంచి జనం సముద్రంలోకి దూకి “వెళ్లి రండి!” అని కేకలేశారు.

పదో రోజున చీఫ్ ఫోన్ చేశాడు. “ముఠా సందేశం దొరికింది: ‘తొంభై ఆరు గొట్టాల్లోనూ వాడే. వాడి మనుషులెవరో తేలదు. ఆపరేషన్ రద్దు.’ ఏం చేశావయ్యా?”

“పెట్టెను ఆపలేదు సార్. ఉమ్మానంతే.”

ఫోన్ పెట్టేసరికి ఇసోకో గుమ్మంలో నిలబడి ఉంది.

“బాబాయ్, ఆ డాక్టర్లు ఇంకా ఏం చెప్పలేదేంటి? మా నాన్నెవరో తెలుస్తుందనే కదా ఉమ్మాను!”

శత్రువుల రికార్డుల్లో తొంభై ఆరుగురికి రక్తసంబంధి అయిన కెన్‌జో, అడిగిన ఆ ఒక్క పిల్లకి మాత్రం, “నాకేం తెలుసమ్మా,” అన్నాడు.