తువ్వాలు వేసిన సీటు

బుచ్చయ్యపేట నుంచి అనకాపల్లి వచ్చే దారిలో మూడు తూముల కల్వర్టు ఒకటుంది. పగలు చూస్తే ఏటీ ఉండదు. అటు చెరుకు, ఇటు చెరుకు, మధ్యలో పెచ్చులూడిన సిమెంటు గట్టు. చీకటి పడ్డాక మాత్రం ఆ గట్టు మీద ఎవడూ కూచోడు.

అది చిన్నమ్మలు చోటు.

చిన్నమ్మలంటే వంకాయలమ్ముకునీ మనిషి. రాత్రి ఆఖరి బస్సెక్కి అనకాపల్లి పోయి, మార్కెట్లోనే పడుకుని, తెల్లారకట్ల గంప దించీది. ఎన్నేళ్ళు తిరిగినా ఆ బస్సులో ఆవిడకి ఒక్కరోజు సీటు దొరకలేదు. ఓ రాత్రి బస్సు అసలు ఆపకుండానే పోయిందంట. ఇంకోటి వస్తాదేమోనని ఆ గట్టు మీద కూచుని, కూచున్నది కూచున్నట్టే పోయిందంట.

పోయింది గానీ... అక్కణ్ణించి కదల్లేదు.

ఖాళీ సీటుతో వెళ్ళే బండి కనబడితే చాలు, ఎక్కేస్తాదంట. కనబడదు. మాట్లాడదు. కూచుంటాది, అంతే. మార్కెట్ రాగానే దిగిపోతాది. అందుకే ఆ రూట్లో ఆఖరి బస్సు కండక్టరు, బస్సంతా ఖాళీగా ఉన్నా సరే, కల్వర్టు దగ్గర తల బయటపెట్టి చీకట్లోకి చెప్తాడు — "సీట్లేవమ్మా... నిలబడాలి."

ఇవన్నీ విని రూఫస్ నవ్వీవాడు. బెల్లం వ్యాపారి త్రినాధరావు దగ్గర డ్రైవరుగా చేరేదాకా.

అచ్యుతాపురంలో ఫ్యాక్టరీలు లేస్తున్న రోజులవి. ఏదో దేశం నుంచి ఇంజనీరొకడు కారుతో సహా దిగేడు, కారొదిలేసి వెళ్ళిపోయేడు. పాతదే. కానీ తలుపేస్తే బీరువా వేసినట్టు చప్పుడు. ఆ చప్పుడుకి పడిపోయి త్రినాధరావు కొనేసేడు. చెరుకు రైతుల్తో మాట్లాడ్డానికి అందులో బుచ్చయ్యపేట పోవడం, రాత్రికి వెనకసీట్లో గురకెడతా తిరిగి రావడం. ముందు, రూఫస్ పక్కసీటు ఖాళీ.

మొదటి రాత్రి కల్వర్టు మీద గుంతలో బండి దబ్బుమంది. కాసేపటికి సెల్లు కోసం రూఫస్ పక్కసీటు మీద చెయ్యేసేడు.

సీటు వెచ్చగా ఉంది.

ఇప్పుడే ఎవరో లేచి వెళ్ళినట్టు... కాదు. ఇంకా కూచునే ఉన్నట్టు.

చెయ్యి మెల్లిగా వెనక్కి లాక్కున్నాడు. అటు తిరిగి చూస్తే ఒట్టు. మార్కెట్ ముందు స్పీడ్ బ్రేకరెక్కి దిగేక, షెడ్డులో బండి పెట్టేటప్పుడు, ఒక్క వేలితో ముట్టుకున్నాడు. చల్లారిపోయింది. ఆవిడ దిగిపోయింది.

ఆ తర్వాత వెళ్ళిన ప్రతిసారీ ఇదే వరస. ఎవరితోనూ అనలేదు. అంటే షైనీ దక్కదు.

షైనీ చర్చిలో కీబోర్డు వాయిస్తాది. వాళ్ళ నాన్న వరదానంగారు రైల్వేలో కరెంటు పని చేసి రిటైరైన మనిషి, సంఘంలో పెద్ద. దెయ్యాలూ గాలులూ అనేవాళ్ళని చూస్తే ఆయనకి ఒళ్ళుమంట. ముందొచ్చిన ఒక సంబంధం, పెళ్ళికొడుకు జబ్బకి తాయెత్తు కనబడిందని టీ అయినా ఇవ్వకుండా పంపేసేరు. రూఫస్ వాళ్ళమ్మ అప్పాయమ్మ వెళ్ళి అడిగితే, ముందు కుర్రోణ్ణి నేను తూకమేసుకోవాలి అన్నారంట.

అందుకని రూఫస్ నోరు కుట్టేసుకున్నాడు. కుట్టేసుకుని, తువ్వాలు తెచ్చేడు.

బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరితే ఆ సీటు తువ్వాలు గలవాడిది. ఆ రూలు అనకాపల్లి బస్టాండులో పోలీసోడైనా కాదనడు. బతుకంతా బస్సుల్లో తిరిగిన చిన్నమ్మలు కాదంటాదా? చారల తువ్వాలొకటి మడతేసి పక్కసీటు మీద పరిచేడు.

ఆ రాత్రి కల్వర్టు దాటేక, తువ్వాలు కిందకి వేళ్ళు పోనిచ్చి చూసేడు.

ఎప్పటికన్నా వేడి.

ఆవిడకి కోపమొచ్చింది.

ఇలా ఉండగా ఓ రాత్రి త్రినాధరావు రైతుల దగ్గరే ఉండిపోయి, ఖాళీ బండి తీసుకుపొమ్మన్నాడు. బుచ్చయ్యపేట సెంటర్లో బైబిలు సంచీ చంకనెట్టుకుని, ఆఖరి బస్సు పోయిన రోడ్డుకేసి చూస్తా ఒకాయన నిలబడున్నారు. ఎవరంటే — వరదానంగారు. ప్రార్థన కూటానికి వచ్చేరంట.

రూఫస్ పరిగెత్తుకెళ్ళి వెనక తలుపు తీసేడు. వెనకైతే ఇశాలంగా ఉంటాదని బతిమాలేడు. నేనేటి ఎమ్మెల్యేనా అని ఆయన ముందు తలుపు తీసుకున్నారు. తువ్వాలు చూసి ఎవరిదని అడిగేరు. రూఫస్ నాదేనన్నాడు. అయితే నాకోసమే వేసినట్టున్నావని ఎంచక్కా దానిమీదే కూచున్నారు.

బండి కదిలేక తూకం మొదలెట్టేరు. తాగుతావా, ఆదివారం ఓనరు రమ్మంటే చర్చి మానేస్తావా, కోపమెక్కువా. రూఫస్ సగం సగం జవాబులు చెప్తన్నాడు. అద్దంలోంచి చెరుకు తోటలు దగ్గరికొస్తన్నాయి...

"దెయ్యాలంటే బయమా?"

"లేదంకుల్."

కల్వర్టు. సైకిలు కన్నా మెల్లిగా పోనిచ్చేడు. అయినా గుంత గుంతే.

దబ్.

వరదానంగారు బైబిలు వాక్యం చెప్తా చెప్తా... మధ్యలో ఆగిపోయేరు.

రూఫస్ ఓరకంట చూసేడు. ఆయన ఇటు జరిగేరు. అటు జరిగేరు. ఒక పక్క లేపి ఒక పక్క మీద కూచున్నారు. రూఫస్ చూట్టం లేదనుకుని చెయ్యి కిందకి పోనిచ్చి, తీసి, వేళ్ళు రుద్దుకున్నారు. మొహంలో రక్తం చుక్క లేదు.

"ఏటంకుల్?" గుసగుసగా అడిగేడు.

"ఏటీ లేదు. బేగి పోనీ."

ఈయనకి తెలిసిపోయింది, అనుకున్నాడు రూఫస్. చెబితే షైనీ పోతాది. చెప్పకపోతే షైనీ వాళ్ళ నాన్న పరాయి ఆడమనిషి ఒళ్ళో అనకాపల్లి దాకా పోతాడు. అదీ చచ్చిపోయిన మనిషి.

అప్పుడొచ్చింది వాసన. గుడ్డ మాడిన వాసన... ఆయన కింద నుంచి సన్నగా పొగ...

రూఫస్ బ్రేకు తొక్కేసేడు. షైనీ మీద ఆశ కూడా అక్కడే వదిలేసేడు.

"దిగిపోండంకుల్. మీరు చిన్నమ్మలు ఒళ్ళో కూకున్నారు."

మాట పూర్తయ్యేలోపు ఆయన రోడ్డు మీదున్నారు, సంచీ వెనక అడ్డం పెట్టుకుని. రూఫస్ అంతా కక్కేసేడు — కల్వర్టు, వెచ్చదనం, తువ్వాలు. ఆయన వినట్లేదు. ముక్కు ఎగరేసి గాలి పీలుస్తున్నారు.

"దెయ్యం కాదొరే. వైరు. సర్వీసంతా ఈ వాసనే పీల్చేను."

సంచీలోంచి టార్చి తీసి లోపల కొట్టేరు. రెండు సీట్ల మధ్యన చిన్న బటను, దాని మీద కుర్చీ బొమ్మ, కుర్చీలోంచి మూడు గీతలు వంకర్లు తిరుగుతా పైకి లేస్తన్నాయి. రూఫస్ అది ఎప్పుడో చూసేడు. కంపెనీవాళ్ళకి కూడా సీట్లో దెయ్యం సంగతి తెలుసు కాబోలు అనుకున్నాడు. వరదానంగారు బటను నొక్కేరు. బటను లోపలికెళ్ళి అక్కడే ఉండిపోయింది. దాని లైటు ఆరలేదు.

"సీటు కింద పొయ్యెట్టేర్రా," అన్నారాయన. "మంచు దేశపోళ్ళు కదా. కూకుంటే సలి."

"అనకాపల్లిలోనా?"



ఫ్యూజు పీకేద్దామంటే డబ్బా మూత మీద అక్షరాలు ఏ దేశానివో తెలీలేదు. ఇంజను ఆపించి, తాళం తీయించి, బానెట్టెత్తి బేటరీకి మైనస్ వైరు ముందు విప్పించేరు. లైట్లన్నీ పోయి, చెరుకు తోటల చీకటి వచ్చి మీద పడింది. ఆయన రోడ్డు మీద మోకాళ్ళేసి సీటు కింద టార్చి కొట్టేరు. రెండు ప్లగ్గులు — ఒకటి పసుపుది, ఒకటి నల్లది. చెయ్యి పసుపు దానికేసి వెళ్ళింది.

రూఫస్ టక్కున మణికట్టు పట్టుకున్నాడు.

"పసుపుది ముట్టుకోకండి. బండి గుద్దినప్పుడు పేలే గాలి సంచీది. బేటరీ తీసినా కొంతసేపు దాన్లో కరెంటుంటాదని బండి అమ్మిన బ్రోకరు సెప్పేడు. కెలికితే మొహం మీదే పేల్తాది."

ఆయన చెయ్యి తీసేసి, రూఫస్‌ని ఆ రాత్రి మొదటిసారి తిన్నగా చూసేరు. దాన్లో కరెంటు పోయేదాకా కాసేపు ఆగేరు. అప్పుడు నల్ల ప్లగ్గు నొక్కు నొక్కి, వైరు పట్టి లాగకుండా ప్లగ్గునే పట్టుకుని ఊడదీసేరు. సగం కరిగిపోయుంది. సంచీలోంచి టేపు తీసి కొసకి చుట్టి, వేలాడకుండా సీటు ఊచకి కట్టేసేరు. కల్వర్టు గుంతలో దబ్బుమన్నప్పుడల్లా ఒరిసిపోయిన వైరు అంటుకునీది, స్పీడ్ బ్రేకరెక్కితే విడిపోయీది. చిన్నమ్మలు ఎక్కడమూ అదే, దిగడమూ అదే.

బేటరీ తగిలించి బయల్దేరేరు. సీటు చల్లగా, బుద్ధిగా ఉంది. కానీ రూఫస్ లోపల ఏడుస్తున్నాడు. దెయ్యాన్ని నమ్మేడు, నమ్మేనని నోటితో ఒప్పుకున్నాడు, తువ్వాలు కూడా వేసేడు. ఇంక తాయెత్తుగాడికీ తనకీ తేడా ఏటి?

పోయేదెలాగూ పోయిందని అడిగేసేడు. "అంకుల్... అంత కాలతంటే ముందే సెప్పొచ్చు కదా?"

ఆయన సంచీ ఒళ్ళోకి లాక్కుని, ఊరి లైట్లు కనబడేదాకా కిటికీలోంచి చూస్తా కూచున్నారు.

"నాకు సుగరుంది," అన్నారు అప్పుడు.

"అయితే?"

"సుగరున్నోడికి కింద వెచ్చగా తగిల్తే దెయ్యం గుర్తురాదురా. చెయ్యెట్టి సూసుకుంటే తడి కూడా తగిలింది. చెమట... అప్పుడు తెలీలేదు."

రూఫస్‌కి అర్థమవడానికి కొంచెం టైము పట్టింది. అర్థమయ్యేక స్టీరింగు రెండు చేతుల్తో గట్టిగా పట్టుకున్నాడు. భుజాలు మాత్రం ఆగట్లేదు.

"నవ్వకు."

"నవ్వట్లేదంకుల్."

ఇల్లొచ్చింది. ఆయన దిగి, పేంటు వెనక ఒకసారి తడుముకుని, వంగి కిటికీలోంచి గుసగుసగా అన్నారు —

"నీ సంగతి నేను సంఘంలో సెప్పను. నా సంగతి నువ్వు షైనీకి సెప్పకు... ఆదివారం ఆరాధనయ్యేక మీ అమ్మని ఇంటికి తీసుకొచ్చీ."