పశువులపాక ముందు నల్ల మరక

క్రిస్మస్ ముందురోజు పొద్దున సామ్యేలు పాస్టరమ్మ ఇంట్లో టీ తాగుతుండగా ఇమాంబీ చెప్పులు కూడా విడవకుండా లోపలికి వచ్చేసింది.

"పాస్టరమ్మా, నా కొడుకును దొంగ అంటాండారు. పోలీసులను పిలుస్తారంట. నువ్వు రావల్ల."

రెవరెండ్ జీవమ్మ కుర్చీ జరిపింది. "ముందు కూర్చో ఇమాంబీ. సామ్యేలు గారూ, ఆమెకో టీ."

సామ్యేలు వంటింట్లోకి నడిచాడు. నంద్యాల కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. భార్య పోయాక ఈ ఇంట్లో దొరికే పొద్దుటి టీ, నాలుగు మాటలు దేవుడు తనకోసం మిగిల్చినవని అనుకుంటాడు. తప్పిపోయిన మేకల దగ్గర్నుంచి చెదిరిన సంబంధాల దాకా ఊళ్ళో ఎన్ని చిక్కులో విప్పిన జీవమ్మ వెంట నడవడం ఆయనకు గొప్పగా ఉంటుంది.

సంగతి ఇది. ఊరి సంఘం ఈసారి ఆళ్లగడ్డలో నల్లరాతి బాలయేసును చెక్కించుకుంది. నిన్ననే తెచ్చి, గుడి అని పిలుచుకునే చర్చిలో కట్టిన పశువులపాకలో గడ్డి మీద పడుకోబెట్టారు. తెల్లారేసరికి లేడు. చివరగా గుడిలో ఉన్నది లైట్లు కట్టిన జావేద్, ఇమాంబీ కొడుకు.

"వాళ్ళ నాయన కాలం నుంచి ఆ గుడికి లైట్లు మేమే కడతాండాం," అంది ఇమాంబీ. "దొంగ అనే పేరు పడితే ఇంగ ఎవరింట్లో అడుగు పెడతాడు?"

వాళ్ళు వెళ్ళేసరికి గుడి దగ్గర సంఘ పెద్ద దేవదానం గొంతు వీధి దాకా వినిపిస్తోంది. జావేద్ గోడకానుకుని నిలబడ్డాడు.

"చూడండి అమ్మగారూ!" దేవదానం పాక ముందున్న బండపరుపు చూపించాడు. తెల్లటి బేతంచెర్ల బండ మీద నల్లని మరక. "వీని చేతి గ్రీజు ఇది. బొమ్మను సంచిలో ఏసుకోని, లైట్లు ఆర్పి, ఏమీ ఎరగనోని మాదిరి మా ఇంటికొచ్చి తాళం చెవి ఇచ్చిపోయినాడు."

"నేను లైట్లు ఆర్పలేదప్పా," అన్నాడు జావేద్.

"చెవి ఇచ్చింది ఎప్పుడు?" అని అడిగింది జీవమ్మ.

"పొద్దుగూకేటప్పుడు. వీనికి దీపాల వేళకు ఇంటికి పోవాలంట."

జీవమ్మ వంగి మరకను వేలితో రుద్ది, వాసన చూసింది. ఆ వేలు సామ్యేలు ముక్కు దగ్గర పెట్టింది.

"టెంకాయ నూనె!" అన్నాడాయన.

"జావేద్, లైట్లు వేయి నాయనా."

మెయిన్ స్విచ్ పైకెత్తగానే టక్కున ట్రిప్పయి పడిపోయింది. జావేద్ గడ్డిలో చెయ్యి పెట్టి వైరు లాగాడు. అతుకు దగ్గర చుట్టిన టేపు తడిసి ఉంది. "నీళ్ళు పోసిందెవరు? నేను కట్టేటప్పుడు ఎండుగడ్డే గదా!"

జీవమ్మ పక్కకు వెళ్ళి ఆళ్లగడ్డ శిల్పి ఓబులేసుతో ఫోన్‌లో మాట్లాడింది. తిరిగొచ్చి, ముగ్గులేస్తున్న ఆడవాళ్ళను, పాటలు పాడే కోయిర్ వాళ్ళను, అందరినీ లోపలికి పిలిచింది.

"సామ్యేలు గారూ, నిన్న రాత్రి భోజనమయ్యాక మీరు ఇటు నడిచారు. ఏం చూశారు?"

"కిటికీల్లోంచి లైట్లు వెలుగుతున్నాయి. బాగుందనుకుని కాసేపు నిలబడ్డాను కూడా."

"జావేద్ చెవి ఇచ్చేసి ఇల్లు చేరిన చాలాసేపటికి కూడా లైట్లు వెలుగుతున్నాయి. ఆ తర్వాత ఎవరో ఈ పాక దగ్గర నీళ్ళు ఒలకబోశారు, లైట్లు పోయాయి. దొంగకు నీళ్ళతో ఏం పని? ఇక మరక. ఓబులేసు చెప్పాడు, కొత్త బొమ్మకు నూనెలో మసి కలిపి రుద్దుతారట. సబ్బుతో కడిగితే నలుపు కారిపోయి, రాయి బూడిద రంగులోకి తిరుగుతుందట. ఆ కారిన నలుపే ఈ మరక. బొమ్మను ఎవరూ దొంగిలించలేదు, ప్రేమతో స్నానం చేయించారు. ఆ వేళకు తాళం చెవి ఒక్కరి దగ్గరే ఉంది, దేవదానం అన్నా."

దేవదానం కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"జిడ్డుగా ఉంటే మెరిపిద్దామనుకున్నానమ్మా. నంద్యాల నుంచి చూసేకి వస్తారు, మన బొమ్మ గొప్పగా ఉండల్లని. తీరా కడిగితే మచ్చలు మచ్చలుగా తెల్లబడిపాయ. ఊరి బొమ్మను చెడగొట్టినానే అని భయపడి, ఇంట్లో వడ్ల మూటల ఎనక దాచినా."

"దాచింది భయంతో. మరి జావేద్ పేరెందుకు చెప్పావన్నా? అది బొమ్మను కడగడం లాంటి పొరపాటు కాదు."

దేవదానం జావేద్ ముందుకు వచ్చి చేతులు జోడించాడు. "తప్పయిపాయ నాయనా."

"నాకు కాదన్నా, మా యమ్మకు చెప్పు. వీధిలో అరిచినావ్ గదా, అంతే గట్టిగా చెప్పు."

దేవదానం గుమ్మంలోకి నడిచి, బయట నిలబడ్డవాళ్ళకూ వినపడేలా చెప్పాడు. "ఇమాంబక్కా, నీ కొడుకు దొంగ కాదు. తప్పు నాది. నన్ను క్షమించు!"

ఇమాంబీ కొంగు నడుముకు దోపుకుంది. "సరే. ముందు ఆ పిల్లోన్ని తెండి. చలిలో నీళ్ళు పోసి తెల్లబడేట్టు చేస్తిరి. ఈ ఊర్లో పుట్టిన పిల్లోళ్ళకు నూనె రుద్దేది నేనే. ఎవరినన్నా అడగండి."

బాలయేసు వచ్చాడు. ఆమె బండ మీద కూర్చుని, కాళ్ళు చాచి, వాటి మీద పడుకోబెట్టుకుని, గిన్నెలో మసి కలిపిన నూనె అరచేత్తో పట్టించింది. కోయిర్ పిల్లలు చుట్టూ మూగారు. చెయ్యి తిరిగినచోటల్లా రాయి నిగనిగలాడుతుంటే, సామ్యేలు ఇది మా ఊరు అని ఎవరికైనా చెప్పాలనుకున్నాడు.

లైట్లు సరిచేస్తున్న జావేద్ నిచ్చెన మీద నుంచి తొంగి చూశాడు.

"మా, చెవుల ఎనకాల మర్చిపోతాండావ్."

"నాకు నేర్పొద్దు రా. నీకు రుద్దింది ఎవరనుకున్యావ్?"