పళ్ళ డాక్టరు గదిలో మూడు వందల పెట్టెలు

ఆ మేడ మీది గదికి మా వీధిలో మంచి పేరు లేదు. కింద జిరాక్సు కొట్టువాడు సాయంత్రం ఏడు కొట్టేసరికి షట్టరు దించేస్తాడు. మెట్ల పక్కన సైకిలు కూడా పెట్టడు. ఎందుకని అడిగితే నోటితో చెప్పడు... ఒకసారి పైకి చూసి, దవడ పట్టుకుంటాడు.

అది ఒకప్పుడు పళ్ళ డాక్టరు గది. ఆయన పోయి పదేళ్ళయింది. నిజానికి పాపం ఆయన వేరే ఊళ్ళో, కూతురింట్లో, జ్వరం వచ్చి పోయాడు. కానీ ఆ చావు వీధిలో ఎవరికీ నచ్చలేదు. మరీ చప్పగా ఉందనుకున్నారేమో, ఆయన తన కుర్చీలోనే, తన పన్ను తనే పీక్కోబోయి పోయాడని చెప్పుకోవడం మొదలుపెట్టారు. అప్పట్నించీ రాత్రిళ్ళు ఆ గదిలో జుయ్యిమని చప్పుడట... కాలిన పన్ను వాసనట... కిటికీలో తెల్లకోటు అటూ ఇటూ తిరుగుతుందట. చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. చూసినవాళ్ళని ఎరిగినవాళ్ళు మాత్రం వీధినిండా ఉన్నారు.

ఆ కుర్చీ ఇంకా అక్కడే ఉంది. నేలకి బోల్టులు బిగించి ఉండటం వల్ల ఎవరూ తియ్యలేకపోయారు. కోటు కూడా తలుపు వెనక మేకుకి అలాగే వేలాడుతోంది. దాన్ని తియ్యకుండా ఉండటానికి బోల్టులేం లేవు, ధైర్యమే లేదు.

ఆ గదిని ఏరికోరి అద్దెకి తీసుకున్న వీరుడు మా అక్క మొగుడు. మా బావ.

"దెయ్యాలు చదువుకున్నవాళ్ళ జోలికి రావు," అన్నాడు తాళంచెవి వేలికి తిప్పుకుంటూ.

ఇదంతా నేను కళ్ళతో చూసింది కాదు. సగం బావ చెప్పాడు. మిగతా సగం ఎవరు చెప్పారో మీకే తెలుస్తుంది.

బావ ఆ గదిలో లేజర్ మెషీను పెట్టాడు. కంప్యూటర్లో గీసిన గీత వెంబడి సన్నటి మంట నడుస్తుంది. కాగితమైనా, పలచటి చెక్కైనా, దాని దారికి అడ్డొస్తే తెగిపోవాల్సిందే. దాంతో పెళ్ళికార్డులు, పెళ్ళికి వచ్చినవాళ్ళకి ఇచ్చే చిన్న చిన్న కానుకలు చెయ్యాలని ఆయన ఆలోచన. అప్పటికే రెండు వ్యాపారాలు పెట్టి, రెండూ మూసేసి ఉన్నాడు. ఇది కూడా పోతే వాళ్ళ అన్నయ్య గోడౌన్లో లెక్కలు రాసే బల్ల ముందు కూర్చోవాల్సిందే. ఆ బల్ల తలుచుకుంటేనే బావకి అన్నం సహించేది కాదు. దెయ్యం కంటే ఆయన్ని ఎక్కువ భయపెట్టింది ఆ బల్లే.

మొట్టమొదటి పెద్ద పని నా పెళ్ళి.

కార్డులు బ్రహ్మాండంగా వచ్చాయి. రెండు రెక్కల తలుపులాగా తెరుచుకుంటాయి. రెక్కల నిండా లేసు అల్లినట్టు ఆకులు, తీగలు. మధ్యలో నా ముఖం, పెళ్ళికొడుకు ముఖం ఎదురెదురుగా. నా ముక్కు కాస్త ముందుకి కోశాడు, సరేలే అనుకున్నాను. మా అమ్మ కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుంది బాబూ," అంది. బావ దగ్గర అమ్మ ఆ రెండు మాటలు తప్ప మూడోది మాట్లాడదు.

కార్డులతో బావకి నేల ఆనలేదు. కానుకగా చెక్కపెట్టెలు చేస్తానన్నాడు. అరచేతిలో ఇమిడేంత పెట్టె, మూత మీద మా ఇద్దరి పేర్లూ తొలిచి ఉంటాయి. ఆరు ముక్కలు. అంచులకి దువ్వెనలాగా పళ్ళుంటాయి, ఒకదాని పళ్ళు ఇంకోదాని సందుల్లో దిగి బిగుసుకుంటాయి. "మేకు లేదు, జిగురు లేదు," అని మగపెళ్ళివారి ముందు నమూనా పెట్టె బల్ల మీద కొట్టి మరీ చూపించాడు. వాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు. మూడు వందలు కావాలన్నారు.

ఆ నమూనాకి బావ జిగురు రాశాడు. ఒక్కటేగా, తొందర్లో ఉన్నాం, అసలువాటికి అక్కర్లేదులే అనుకున్నాడు. తరవాత ఆ సంగతి తనే మర్చిపోయాడు.

పెళ్ళి ఇంక నాలుగు రోజులుందనగా, రాత్రి తొమ్మిదింటికి, పద్దెనిమిది వందల ముక్కలూ కోయడం పూర్తయింది. బావ ఆరు ముక్కలు తీసుకుని ఒకదాన్లో ఒకటి దించాడు. పెట్టె అయింది. చెయ్యి తీశాడు — నాలుగు గోడలూ నాలుగు వైపులకి పడుకున్నాయి.

ఇంకోటి చేశాడు. అదీ పడుకుంది. పదోది కూడా పడుకున్నాక బావ కింద కూర్చుండిపోయాడు. జిగురుతో అతికిస్తే ఒక్కోదాన్నీ ఆరేదాకా పట్టుకు కూర్చోవాలి, పైగా మరకలు. మళ్ళీ కొయ్యడానికి చెక్క లేదు. ఊడిన ముక్కలు కొన్ని సంచిలో పడేసుకుని, తాళం వేసి ఇంటికి వచ్చి, ఎవరికీ ఏమీ చెప్పకుండా, అన్నం వద్దని పడుకున్నాడు. ముద్ద ముట్టలేదంటే చాలు, మా అక్కకి ఇంక వేరే ఏమీ చెప్పక్కర్లేదు.

తెల్లారి వెళ్ళి తాళం తీశాడు. తాళం వేసింది వేసినట్టే ఉంది.

పళ్ళ డాక్టరు కుర్చీలో... నలభై పెట్టెలు.

నిలబడి ఉన్నాయి. పైన ఒక వరస, కింద ఒక వరస. తెల్లగా. బావ ఒకటి తీసి ఊపాడు. కదల్లేదు. బల్లకేసి కొట్టాడు. ఊడలేదు. అప్పుడు తలుపు వెనక్కి చూశాడు. కోటు మేకుకే ఉంది. దాని కుడి చేతి అంచుకి మాత్రం నల్లటి మసి... నిన్న లేని మసి.

ఎవరికీ చెప్పలేదు. చెబితే వీధంతా పాకుతుంది, పెళ్ళికి ముందు అపశకునం అంటారు. పైగా చదువుకున్నవాడు.

రెండో రోజు తెల్లారేసరికి నలభై కాస్తా నూట డెబ్భై అయ్యాయి. కుర్చీకి పైన వేలాడే దీపం — పదేళ్ళుగా వెలగని దీపం — ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంది.

ఇక్కడ మా బావ బుర్రని మెచ్చుకోవాలి. భయంతో చెమటలు పడుతున్నా కారణం కనిపెట్టాడు. పిప్పిపళ్ళు పూడ్చడం ఆ డాక్టరు వృత్తి. పళ్ళ మధ్య సందు కనబడితే ప్రాణం ఊరుకోదు. పోయినా ఊరుకోదు. అందుకే రాత్రిళ్ళు లేచి సందులు పూడుస్తున్నాడు. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆయన బతికున్నప్పుడు ఫీజు తీసుకోకుండా ఒక్క పన్నూ ముట్టుకోలేదని వీధిలో అందరికీ తెలుసు. ఇప్పుడు ఫీజు కింద ఏం అడుగుతాడు... బావ నాలికతో తన పళ్ళన్నీ ఒకసారి తడుముకున్నాడు.

ఇంకా నూట ముప్పై పెట్టెలున్నాయి. పెళ్ళి ఎల్లుండి. ఏమైనా సరే చూడాల్సిందే అనుకున్నాడు.

ఆ రాత్రి పన్నెండు దాటాక బావ ఇంట్లోంచి బయటపడ్డాడు. వీధిలో కుక్క కూడా లేదు. చీకట్లో గోడ తడుముకుంటూ మెట్లెక్కాడు. సగం మెట్ల దగ్గర ఆగిపోయాడు.

జుయ్యి... అని చప్పుడు.

ఇంకో రెండు మెట్లెక్కాడు. కాలిన వాసన. మెట్ల మూల ఎవరో పెట్టిన చీపురుకట్ట చేతికి తగిలితే దాన్నే పట్టుకున్నాడు. దెయ్యం మీద చీపురు ఏ మాత్రం పనిచేస్తుందో ఆయనకీ తెలీదు.

తలుపుకి గరుకు అద్దం ఉంది. అద్దం అవతల పచ్చటి వెలుగు. ఆ వెలుగులో — తెల్లకోటు. కుర్చీ మీదకి వంగి ఉంది. చేతిలో ఏదో తళుక్కుమంది, పట్టకారులాగా.

గుసగుసలాడుతోంది కూడా.

"తెరుచుకో... ఇంకొంచెం... ఆఁ, చాలు. ఇంక కదలకు..."

బావ దవడ దానంతటదే బిగుసుకుపోయింది. పారిపోదామనుకున్నాడు. తిరగబోతే చేతిలో చీపురు కాళ్ళకి అడ్డం పడింది. ఒళ్ళు తలుపు మీదకి ఒరిగింది. తలుపు కిర్రుమని తెరుచుకుంది.

తెల్లకోటు మెల్లిగా ఇటు తిరిగింది. దీపం వెనక ఉంది, ముఖం ఆనలేదు. పెదాల మధ్య నుంచి తెల్లటి పోగు ఒకటి వేలాడుతోంది... పంట్లోంచి లాగిన నరంలా. చెయ్యి పైకి లేచింది. ఆ పోగుని పట్టుకుని బయటికి తీసింది.

"చెప్పులు విప్పి రండి బాబూ," అంది. "కింద ముక్కలున్నాయి."

మా అమ్మ.

కోసిన అంచుల మసి అంటితే చీర పాడవుతుందని ఆ కోటు తొడుక్కుంది. కాలిన చెక్క వాసన పోవడానికి జుయ్యిమనే పాత ఫ్యాను వేసుకుంది. దీపానికి కొత్త బల్బు తెచ్చుకుంది. నోట్లోది కాలర్లలో బిరుసుకి వేసే బక్రం గుడ్డ — నలభై ఏళ్ళుగా బట్టలు కుడుతున్న మనిషి, సూదో దారమో పెదాల మధ్య లేకపోతే చెయ్యి ఆడదు. మొదటి రాత్రే అక్క బావ సంచిలో ఊడిపోయిన ముక్కలు చూసి, రెండో తాళంచెవి పట్టుకుని అమ్మ దగ్గరికి పరిగెత్తింది. అమ్మ బక్రాన్ని నూలుపోగంత సన్నగా కత్తిరించి, పట్టకారుతో ఒక్కో సందులో దించి, ముక్క నొక్కింది. పెట్టె గట్టిగా కూర్చుంది. ఆ గుసగుసలంటారా, గుండీ సరిగ్గా కూర్చోకపోయినా మా అమ్మ దానితో అలాగే మాట్లాడుతుంది.

మరి పగలే వచ్చి చెప్పొచ్చుగా అంటే, చెప్పలేదు. దానికో కథ ఉంది. ఎనిమిదేళ్ళ కిందట బావ చేపల తొట్లు చేసి అమ్మేవాడు. నలుగురిలో అమ్మ ఒక మూలకి వేలు చూపించి, "బాబూ, ఇక్కడ కారుతుందేమో," అంది. కారింది. కారకపోయి ఉంటే బావ క్షమించేవాడు. ఏడు నెలలు మా గుమ్మం తొక్కలేదు. అక్క పండక్కీ పబ్బానికీ ఒక్కతే వచ్చి, వెనకింట్లో ఏడ్చి, ముఖం కడుక్కుని వెళ్ళేది. అమ్మకి తన నోటి మీద తనకే కోపం వచ్చింది. అప్పట్నించే ఆ రెండు మాటలు.

మూడు రాత్రులు ఆ గదిలో ఒంటరిగా కూర్చున్నా అమ్మకి గుండె దడ రాలేదట. "ఆయన నా దవడ పన్ను పీకాడే. మెత్తటి చెయ్యి. పోయాక మాత్రం ఏం చేస్తాడు," అంది నాతో. గుమ్మంలో అల్లుణ్ణి చూశాకే భయమేసిందట. ఇప్పుడు ఈయన వెనక్కి తిరిగి మెట్లు దిగితే, ఎల్లుండి పెళ్ళికి పెద్దకూతురు ఒక్కతే వస్తుంది. అమ్మకి నా పెళ్ళిపందిట్లో అక్క పక్కన ఖాళీ కుర్చీ కనబడిపోయింది.

"ఏం లేదు బాబూ... నిద్ర పట్టక," అంది. "అన్నీ బాగానే ఉన్నాయి. బాగా కోశారు."

బావ చీపురు గోడకి ఆనించాడు. చెప్పులు విప్పాడు. కుర్చీ దగ్గరికి వచ్చి ఒక పెట్టె తీసుకుని, వేళ్ళతో నొక్కి చూశాడు. దీపం కిందకి పట్టి సందులో తెల్లటి పోగుని చూశాడు. చాలాసేపు చూశాడు.

"నేనెక్కడ తప్పాను అత్తయ్యా?" అన్నాడు.

అమ్మ పట్టకారు కింద పెట్టింది.

"ఆ మంట చెక్కని కొంత తింటుందా?" అంది.

"తింటుంది. వెంట్రుకవాసి."

"రెండు వైపులా?"

బావ పెట్టెకేసి చూశాడు. "రెండు వైపులా," అన్నాడు నెమ్మదిగా.

"నేను కుట్టుకి వదిలి గుడ్డ కోస్తాను. నువ్వు మంటకి వదల్లేదు. అంతే నాయనా, ఇంకేం లేదు."

అమ్మ కాస్త జరిగింది. బావ పక్కన కూర్చుని బక్రం ముక్క అందుకున్నాడు. మొదటి రెండూ వంకరగా పెట్టాడు. మూడోది కుదిరింది. ఇద్దరూ అలా ఓ ఇరవై పెట్టెలు చేశారు.

"మొదటిరోజే చెప్పొచ్చుగా అత్తయ్యా," అన్నాడు బావ.

"చెబితే వినేవాడివా?"

బావ నిజంగానే ఆలోచించాడు.

"వినేవాణ్ణి కాదు," అని ఇంకో పెట్టె అందుకున్నాడు.